దళాన్ని నేసిన చేతులు

వనపర్తి రాజా మొదటి రామేశ్వరరావు పంతొమ్మిదో శతాబ్దంలో ఒక దళాన్ని నిలబెట్టాడు. నిజాంకు పేష్కష్ కట్టే సంస్థానాధీశుడికి సొంత సేన ఉండటం కొత్తేమీ కాదు. చుట్టుపక్కల గద్వాలకూ, కొల్లాపురం నుంచి ఏలిన జటప్రోలు దొరలకూ ఎంతో కొంత బలగం ఉండేది. వనపర్తి రాజా తన దళంలోకి తీసుకున్న మనుషుల్లోనే విశేషమంతా ఉంది. వాళ్లు సిద్దీలు, ఆఫ్రికా మూలాలున్నవాళ్లు. రాజా తర్వాత ఆ దళం నిజాం సర్కారు చేతికి వెళ్లింది. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అన్న పేరుతో నిజాంకు అంగరక్షణగా, ఊరేగింపులకు అందంగా నడిచింది. హైదరాబాద్‌లో మాసాబ్ ట్యాంక్ పక్కనున్న ఏసీ గార్డ్స్ బస్తీ వాళ్లు కాపురమున్న చోటే. హైదరాబాద్ సంస్థానం 1948లో భారత యూనియన్‌లో కలిశాక దళం రద్దయింది కానీ కుటుంబాలు అక్కడే ఉండిపోయాయి. మర్ఫా దరువు హైదరాబాద్ పెళ్లి బరాత్‌లకు అలవాటైందంటే అందులో ఆ సిద్దీల చేతులకూ, బార్కస్‌లో స్థిరపడ్డ అరబ్బుల చేతులకూ వాటా ఉంది.

ఈ దళాన్ని నేను ఒక పనితనంగా చూస్తాను. శిల్పం ముందు ఆగి ఉలి ఎక్కడ తిరిగిందో వెతుకుతాం. సైన్యం దగ్గరికి వచ్చేసరికి మాత్రం గెలిచిందా ఓడిందా అని అడిగి వదిలేస్తాం. ఒక గుర్రపు దళానికి ఉండే పౌరుషం, కాల్బలానికి ఉండే పౌరుషం, ఫిరంగి దగ్గర నిలబడేవాడి పౌరుషం వేరువేరు. అవి పుట్టుకతోనో కులంతోనో వచ్చినవి కావు. ఏళ్ల తరబడి ఎవరో ఒకరు కూర్చి, దిద్ది, నిలబెట్టినవి. సిద్దీల సంగతే తీసుకోండి. కొందరి పూర్వీకులు బానిసలుగా అమ్ముడై సముద్రం దాటినవాళ్లు. భాష వేరు, అయినవాళ్లు లేరు, ఊరు లేదు. అలాంటి మనుషులకు గుర్రం, ఉర్దీ, లైన్లలో ఒక ఇల్లు, పక్కింట్లో తనలాంటివాడే ఇంకొకడు దొరికారు. కొద్ది తరాల్లోనే దళం పేరు ఊరి పేరైంది. ఇందులో రాజా తెలివి కొంత ఉంటే, ఆ ఆసరాను వంశ గౌరవంగా మలుచుకున్న సిద్దీల పట్టుదల అంతకు ఎన్నో రెట్లు ఉంది.

ఆశ్వికుడి గర్వం ఎక్కడ తయారవుతుందో చూడాలంటే నేజాబాజీ చూడాలి. నేలలో ఒక చెక్క మేకు పాతుతారు. బెత్తెడు వెడల్పు కూడా ఉండదు. రౌతు గుర్రాన్ని దౌడు తీయిస్తూ వచ్చి, బల్లెం మొనతో దాన్ని గుచ్చి లేపుకుపోవాలి. చూసేవాళ్లకు అది పొడవడంలా కనిపిస్తుంది, కానీ అక్కడ పొడిచినవాడి పని చెడుతుంది. రౌతు జీనుకు కుడిపక్క మోకాలి దాకా వంగి, మొనను మేకు గీతలో నిలిపి ఉంచుతాడు. బలమంతా గుర్రానిదే. మొన దిగిన క్షణంలో చెయ్యి బిగుసుకుపోతే భుజానికి దెబ్బ. అందుకే మణికట్టును వదులుగా ఉంచి బల్లేన్ని వెనక్కి పోనిస్తాడు. మేకు ఊడి, మొనకు అంటుకుని, గుర్రం వెనక గాలిలోకి లేస్తుంది. గుర్రం ఒక్క అడుగు పక్కకు వేసినా, రౌతు కన్ను మేకు మీంచి కాస్త చెదిరినా మొన మట్టిలో దిగుతుంది.

ఇదంతా ఒంటరి నేర్పు. అసలు అందం నలుగురు పక్కపక్కనే దూకే పోటీలో ఉంది. నాలుగు గుర్రాలు ఒకే వరసలో, ఒకే వేగంతో, నాలుగు మేకుల మీదికి రావాలి. అందరికన్నా చురుకైన గుర్రమున్నవాడు దాన్ని బిగబట్టుకోవాలి. అందరికన్నా నెమ్మదైనవాడు తన గుర్రాన్ని అదిలించాలి. ముగ్గురు మేకులెత్తి ఒకడు తప్పితే ఆ లోటు నలుగురిదీ. చిన్న విషయంగా కనిపిస్తుంది కానీ, పక్కవాడి గుర్రపు డెక్కల చప్పుడు విని తన కళ్లెం సర్దుకోవడం అలవాటైన మనిషి పోరులో ఒంటరిగా పారిపోడు. బల్లెం తుపాకీ ముందు ఎందుకూ కొరగాకుండా పోయాక కూడా లాన్సర్ దళాలు నేజాబాజీని వదల్లేదంటే కారణం ఇదేనని నా నమ్మకం.

తలపాగా కథ కూడా ఇలాంటిదే. బ్రిటిష్ కాలపు గుర్రపు దళాల్లో ఒక్కో దళానికి ఒక్కో రంగు, ఒక్కో చార, ఒక్కో చుట్టు ఉండేవి. బల్లెం కొసన కట్టే చిన్న రెండు రంగుల జెండాగుడ్డ సంగతీ అంతే. దూరం నుంచి చూసేవాడికి ఇవన్నీ అలంకారాలు. లోపలివాడికి రోజూ పొద్దున్నే తలపాగా చుట్టుకోవడంతోనే తాను ఎవరో తెలిసేది.

కాల్బలం ముచ్చట వేరు. దానికి గుర్రం లేదు, ఎత్తు లేదు, ఊరేగింపులో ముందు వరస లేదు. దాని పౌరుషమంతా కాళ్లలోనూ ఓపికలోనూ ఉంటుంది. కృష్ణకూ తుంగభద్రకూ మధ్య ఉన్న నడిగడ్డలో గద్వాల సోమనాద్రి గురించి ఒక కథ చెప్పుకుంటారు. పద్దెనిమిదో శతాబ్దం తొలినాళ్లలో గద్వాల కోట కట్టించిన దొర ఆయన. కర్నూలు నవాబుతో పోరులో ఆయన గుర్రం శత్రువుల చేతికి చిక్కిందట. దాన్ని తెస్తానని ముందుకొచ్చినవాడు రౌతు కాదు, బోయ వీరుడు హనుమప్ప. గడ్డిమోపుతో శత్రువుల చోటికి చేరి, గుర్రం దగ్గర గడ్డిలో దాక్కున్నాడు. వాళ్లు కట్టేసే గూటం కొడుతుంటే అది అతని చేతిలోంచి దిగింది. కిక్కురుమనలేదు. వాళ్లు వెళ్లాక ఆ చేతిని తానే తెగ్గోసుకుని గుర్రమెక్కి వచ్చాడని చెబుతారు. జనం నోట నలిగిన కథ కాబట్టి ఇందులో కల్పన ఎంతో లెక్క కట్టలేం. ఆ కథను అల్లిన వాళ్ల చూపు మాత్రం నాకు గొప్పగా తోస్తుంది. దొర గుర్రానికి ఉన్న వైభవమంతా చెప్పి, దాన్ని తెచ్చే ఘనతను నేల మీద నడిచేవాడికి ఇచ్చారు. మౌనంగా నొప్పి భరించడం కాల్బలపు విద్య. రౌతు కథలో వేగం ఉంటుంది, బంటు కథలో ఓర్పు ఉంటుంది.

ఫిరంగి దళానిది మూడో దారి. ఇప్పుడు డిగ్రీ కాలేజీ నడుస్తున్న గద్వాల కోటలో పెద్ద ఫిరంగి ఒకటుంది. చూడ్డానికి వచ్చిన పిల్లలు దాని మీద చెయ్యి వేయకుండా పోరు. భారత సైన్యంలో పదాతి దళాలకు పతాకాలుంటాయి. ఫిరంగి దళానికి మాత్రం ఫిరంగులే పతాకాలు. ఫిరంగిని శత్రువుకు వదిలి రావడమంటే జెండాను వదిలి రావడమే. అందుకే గోలందాజు పౌరుషం కదలదు, దూకదు. ఉన్నచోటే ఉంటుంది.

ఈ మూడు రకాల గర్వాలనూ ఒకే సేనలో ఇమడ్చడం మామూలు పని కాదు. గద్వాల చీర నేసేవాళ్లకు ఈ చిక్కు బాగా అర్థమవుతుంది. ఒడలు నూలు, అంచూ కొంగూ పట్టు. నూలు లాగే తీరు వేరు, పట్టు జారే తీరు వేరు. అంచు దగ్గర కుప్పడం వేసేటప్పుడు ఒడలి పోగునూ అంచు పోగునూ ఒకదానిలో ఒకటి మెలేసి బిగిస్తారు. కొంగు దగ్గర పోగుకు పోగు కలిపి కుట్టు వేస్తారు. పట్టును నూలుగా మార్చాలని ఎవరూ చూడరు. రెండూ దేనికది మిగులుతాయి, అతుకు మాత్రం చిరగదు.

విజయనగరం రెండో దేవరాయలు చేసిందీ ఇలాంటి అతుకే. దాని వెనక ఒక పాత పోరు ఉంది. వనపర్తి జిల్లాలో పానగల్లు కోట ఉంది. పదిహేనో శతాబ్దం తొలి భాగంలో ఫిరోజ్ షా బహమనీ ఆ కోటను రెండేళ్లు ముట్టడించాడు. చివరికి శిబిరంలో తెగులు పాకి, మనుషులూ గుర్రాలూ పోయి, విజయనగరం చేతిలో ఓడాడు. గెలిచిన ఆ పోరు విజయనగరానికి ఎక్కువ కాలం ఊపిరి పోయలేదు. తర్వాత పోరుల్లో బహమనీలదే పైచేయి అయింది. శత్రువుల గుర్రాలు మేలైనవి, విలుకాళ్లు నేర్పరులు అని దేవరాయల కొలువులో తేల్చారట. అప్పుడాయన ముస్లిం రౌతులనూ విలుకాళ్లనూ కొలువులో పెట్టుకున్నాడని, వాళ్లకు మసీదు కట్టించాడని, వాళ్లు మతం తప్పకుండానే తనకు సలాం చేసేలా సింహాసనం ముందు ఖురాన్ పెట్టించాడని చరిత్రకారుడు ఫెరిష్తా రాశాడు. నన్ను ఆపేసే వివరం ఆ ఖురానే. సైనికుడు వంగాలి, అది కొలువు మర్యాద. రాజు ముందు వంగకూడదు, అది అతని నమ్మకం. రెండింటికీ మధ్య ఒక గ్రంథాన్ని పెట్టి రాజు ఇద్దరి గౌరవమూ నిలిపాడు. జీతం పెంచి ఈ పని చేయించలేం.

హైదరాబాద్ సేనల్లో ఈ నేత కొనసాగింది. బ్రిటిష్ రెసిడెంట్ హెన్రీ రస్సెల్ కాలంలో 1813లో మొదలైన రస్సెల్ బ్రిగేడ్, తర్వాత హైదరాబాద్ కాంటింజెంట్, ఆపైన 19వ హైదరాబాద్ రెజిమెంట్. ఉత్తరాది కుమావూ, జాట్, అహీర్ యువకులు అందులో చేరుతూ వచ్చారు. 1945లో దానికి కుమావూ రెజిమెంట్ అని పేరు మారింది. పేరులోంచి హైదరాబాద్ పోయింది కానీ దళం నడత పోలేదు. 1942లో హైదరాబాద్ రెజిమెంట్‌లో అధికారిగా చేరిన మేజర్ సోమనాథ్ శర్మ, 1947 నవంబర్ 3న కశ్మీర్‌లోని బడ్గామ్ దగ్గర 4వ కుమావూ కంపెనీని నడిపిస్తూ ప్రాణమిచ్చి, మొదటి పరమవీర చక్ర పొందాడు. అప్పటికి ఆయన చేతికి కట్టు ఉంది. విరిగిన చెయ్యి సాకుగా వెనక ఉండొచ్చు. ఉండలేదు.

గుర్రపు దళాల దారిలో డెక్కన్ హార్స్ ఉంది. దాని మూలాలు 1790 నాటి నిజాం ఆశ్వికుల్లో ఉన్నాయి. 1916 జులై 14న ఫ్రాన్స్‌లోని సోమ్ పోరులో, మరఫిరంగుల కాలంలో, ఆ దళం హై వుడ్ దగ్గర బల్లేలతో దూకింది. 1965లో అదే దళం అసల్ ఉత్తర్ దగ్గర ట్యాంకుల మీద పోరాడింది. గుర్రం పోయి ఇనుము వచ్చినా పేరులో హార్స్ మిగిలింది, దాన్ని ఎవరూ తీసేయమనలేదు.

చివరికి ఢిల్లీలోని తీన్ మూర్తి శిల్పం దగ్గరికి వస్తాను. ఈ విషయంలో నాకు అన్నిటికన్నా నచ్చిన పనితనం అదే. శిల్పి లియోనార్డ్ జెన్నింగ్స్. నడుమ రాతి స్తంభం, దాని చుట్టూ మూడు వైపులా ముగ్గురు కంచు సైనికులు. హైదరాబాద్, జోధ్‌పూర్, మైసూరు లాన్సర్లకు ఒక్కొక్కరు గుర్తు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఈ సంస్థానాల దళాలు 15వ ఇంపీరియల్ సర్వీస్ కావల్రీ బ్రిగేడ్‌గా సినాయ్, పాలస్తీనాల్లో పోరాడాయి. 1918 సెప్టెంబర్ 23న హైఫా పట్టణం మీదికి బల్లేలతో దూకినవాళ్లు జోధ్‌పూర్, మైసూరు రౌతులు. జోధ్‌పూర్ దళాన్ని నడిపించిన మేజర్ దల్పత్ సింగ్ ఆ దాడిలోనే నేలకొరిగాడు. మైసూరు రౌతులు కొందరు కార్మెల్ కొండ ఎక్కి ఫిరంగుల మీద పడ్డారు. హైదరాబాద్ లాన్సర్లకు ఆ రోజు అప్పగించిన పని చిక్కిన ఖైదీలను వెనక్కి చేర్చడం.

ఆశ్వికుడికి అది చేదు పని. పక్క దళాలు చరిత్రలోకి దూకుతుంటే, తాము దుమ్ములో ఖైదీల వరస పక్కన నెమ్మదిగా నడవాలి. అయినా ఆ పని ఎవరో ఒకరు చేయకపోతే మిగతా రెండు దళాల వెనక దారి ఖాళీగా ఉండదు. జెన్నింగ్స్ చేతిలో ఈ తేడా కనిపించదు. ముగ్గురిదీ ఒకే ఎత్తు, ఒకే నిటారుతనం. దూకినవాడికి పెద్ద పీఠం, ఖైదీల వెంట నడిచినవాడికి చిన్న పీఠం వేయలేదు. ఒకరినొకరు చూసుకోకుండా ముగ్గురూ వీపులు స్తంభం వైపు పెట్టి బయటికి చూస్తారు. ఏ దారిన వచ్చేవాడికైనా ముందు ఒక సైనికుడే ఎదురవుతాడు. మిగతా ఇద్దరి కోసం చుట్టూ తిరగాలి. హైదరాబాద్ వాళ్లు ఢిల్లీ వెళ్తే చౌరస్తా దాటిపోకుండా ఆగి, ఆ ముగ్గురి చుట్టూ పూర్తిగా తిరిగి చూడండి. మన రౌతు ఎటు నిలబడ్డాడో వెతకండి.