సార్జెంట్ బిల్కో ఎవరి మనిషి?

కోవెంట్రీలో చదువుకునే మన తెలుగు పిల్లలు చేసే పార్ట్ టైం పనుల్లో కేర్ హోమ్ పని ఒకటి. నేనూ చేశాను. పొద్దున్నే పెద్దవాళ్ళని లేపడం, స్నానాలు, టీలు, టిఫిన్లు. మధ్యాహ్నం అందరినీ తెచ్చి లౌంజ్‌లో టీవీ ముందు కూర్చోబెట్టాక ఓ గంట ఊపిరి ఆడేది. అక్కడ ఒకాయన ఉండేవాడు, ఎనభై ఐదు దాటినాయన. మన అలవాటు కొద్దీ నేను 'సర్' అన్నప్పుడల్లా విసుక్కునేవాడు. సర్ అంటే ఆఫీసర్లట, తను కార్పోరల్ట. పేరు పెట్టి పిలవమనేవాడు. తాతయ్య వయసు మనిషిని పేరు పెట్టి పిలవడానికి నాకు నెల పట్టింది.

టీవీలో ఏది వస్తున్నా కాసేపు చూసి, "బిల్కో ఎప్పుడు?" అని అడిగేవాడు. మొదటి వారం అది ఏదో మందు పేరనుకుని నర్సుని అడిగాను కూడా.

మందు కాదు, మనిషి. ఫిల్ సిల్వర్స్ అనే అమెరికన్ నటుడు వేసిన పాత్ర. 1955 నుంచి 1959 దాకా అమెరికాలో సీబీఎస్ చానెల్లో వచ్చిన 'ది ఫిల్ సిల్వర్స్ షో'లో, కాన్సాస్ రాష్ట్రంలోని ఫోర్ట్ బ్యాక్స్‌టర్ అనే కల్పిత సైనిక శిబిరంలో మోటార్ పూల్ చూసుకునే సార్జెంటు ఎర్నీ బిల్కో. కళ్ళద్దాలు, బట్టతల, నోరు తెరిస్తే మెషిన్ గన్. యుద్ధం తప్ప అన్ని పనులూ వచ్చు. పేకాట, పందేలు, లాటరీలు, కింది సిపాయిల జీతాల మీద కన్ను. ప్రతివారం ఓ పథకం వేస్తాడు, దాదాపు ప్రతివారం అది అతని మీదకే తిరగబడుతుంది. దీన్ని రాసి నిలబెట్టినవాడు నాట్ హైకెన్.

ఇంకో చిత్రం. అదే కోవెంట్రీలో, మేం వారాంతం తిండికి వెళ్ళే ఫార్ గాస్‌ఫోర్డ్ స్ట్రీట్‌ని ఆనుకుని ఫార్‌గో విలేజ్ అని చిన్న చిన్న కొట్ల సముదాయం ఉంది. అందులో ఫిల్ సిల్వర్స్ పేరు మీద ఒక మ్యూజియం పెట్టారు. బ్రూక్లిన్‌లో పుట్టి, 1985లో పోయిన నటుడికి ఇంగ్లండ్ నడిబొడ్డున మ్యూజియం! 2003లో రేడియో టైమ్స్ వాళ్ళ టీవీ కామెడీ గైడ్ అన్ని కాలాల సిట్‌కామ్‌లలోకీ మొదటి స్థానం ఇచ్చింది కూడా ఈ షోకే. అమెరికాలో అలాంటి లిస్టు వేస్తే లూసీయో, సైన్‌ఫెల్డో, ఇంకెవరో వస్తారు. బిల్కో పేరు ఎక్కడో కింద దొరుకుతుంది.

ఎందుకిలా? బ్రిటన్‌లో ఎవరినడిగినా జవాబు సిద్ధంగా ఉంటుంది: ఓడిపోయే మోసగాడంటే మాకిష్టం, అది మా హాస్యం. ఈ జవాబు నాకు సగమే నచ్చుతుంది. 'జాతి హాస్యం' అనే మాట వినగానే నాకు అనుమానం మొదలవుతుంది. మనవాళ్ళు 'తెలుగువారి వెటకారం' అన్నప్పుడు కూడా అంతే. అభిరుచి ముందు పుట్టి, దానికి తగ్గ షోని వెతుక్కుందా? లేకపోతే ఒక షోని పదేపదే చూపించగా చూపించగా అభిరుచి అలా తయారైందా?

పక్కన లూసీని పెట్టి చూడండి. 'ఐ లవ్ లూసీ' అమెరికాలో 1951లో మొదలైంది. 1953లో లూసీకి కొడుకు పుట్టిన ఎపిసోడ్‌ని దాదాపు నాలుగున్నర కోట్లమంది చూశారు. లూసిల్ బాల్, దేశీ అర్నాజ్ దంపతులు ఆ షోని మూడు కెమెరాలతో ఫిల్ము మీద తీయించారు, కాబట్టి బొమ్మ చెక్కుచెదరకుండా మిగిలింది. అమెరికాలో రిపీట్లు ఆగలేదు. బ్రిటన్‌కి కూడా లూసీ బిల్కో కంటే ముందే వచ్చింది. 1955లో ఐటీవీ పుట్టగానే దిగుమతి చేసుకున్న షోలలో అదొకటి. అయినా అక్కడ లూసీ ఒక పేరుగానే మిగిలింది. ఎర్ర జుట్టు, చాక్లెట్ ఫ్యాక్టరీ సీను, అంతే. బిల్కోకి పట్టినట్టు ఇళ్ళల్లో పట్టలేదు.

తేడా ఎక్కడుందంటే, నా మటుకు నాకు ముందుగా కనిపించేది ప్రసార పట్టిక. ఐటీవీ అంటే అప్పట్లో ఒక చానెల్ కాదు, ప్రాంతానికో కంపెనీ. మొదట్లో లండన్‌లో తప్ప కనిపించేదే కాదు. బీబీసీ దేశమంతా ఒకటే. ఆ బీబీసీ 1957లో బిల్కోని మొదలుపెట్టి, తర్వాత కొన్ని దశాబ్దాల పాటు అప్పుడప్పుడూ బయటికి తీస్తూనే ఉంది, చాలాసార్లు రాత్రి బాగా పొద్దుపోయాక. తండ్రి నవ్వుతుంటే నిద్ర రాని పిల్లాడు మెట్ల మీద కూర్చుని చూసి ఉంటాడు. వాడు పెద్దయ్యాక మళ్ళీ అదే. థియేటర్లో పోయిన 'ఖలేజా' టీవీలో వచ్చీ వచ్చీ మనకి క్లాసిక్ ఎలా అయిందో తెలిసినవాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

కానీ పట్టిక ఒక్కటే అయితే రాత్రిపూట వేసిన చెత్తంతా నిలవాలి. నిలవలేదు కదా. రెండో సంగతి ఇక్కడుంది, నన్ను నిజంగా ఆపేసింది కూడా ఇదే.

బ్రిటన్‌లో నిర్బంధ సైనిక సేవ 1960 దాకా ఉంది, చివరి బ్యాచ్ 1963లో ఇంటికెళ్ళింది. పద్దెనిమిదేళ్ళ కుర్రాళ్ళని తెచ్చి, రెండేళ్ళు బూట్లు తుడిపించి, బొగ్గుకి సున్నం వేయించి పంపేవారని ఆ తరం కథలు కథలుగా చెబుతుంది. బిల్కో బీబీసీలో మొదలైన 1957లోనే, ఐటీవీలో గ్రనాడా కంపెనీ 'ది ఆర్మీ గేమ్' అనే సిట్‌కామ్ మొదలుపెట్టింది. అచ్చం ఇదే సరుకు: బారక్స్, పని ఎగ్గొట్టే సిపాయిలు, అరిచే సార్జెంటు. జనం విరగబడి చూశారు. 1961 దాకా నడిచింది. ఆ వేడిలోనే 'క్యారీ ఆన్' సినిమాలు కూడా 1958లో బారక్స్‌లోనే మొదలయ్యాయి. మరి 'ఆర్మీ గేమ్' ఇవాళ ఎక్కడుంది? చాలా భాగం లేదు. అప్పటి బ్రిటిష్ టీవీ లైవ్‌గా పోయేది, లేదంటే టేపు మీదకెక్కేది. టేపు ఖరీదు, దాన్ని తుడిచేసి మళ్ళీ వాడుకునేవారు. రిపీట్ వేయాలంటే నటుల సంఘంతో, సంగీతకారుల సంఘంతో ఒప్పందాలు, మళ్ళీ డబ్బులు. దాచి ఏం చేస్తాం అనుకున్నారు. 'డాక్టర్ హూ' పాత ఎపిసోడ్లు పోయింది కూడా ఇలాగే.

బిల్కో ఫిల్ము మీద ఉన్నాడు. డబ్బాలో పెడితే ఉంటాడు, తీస్తే పలుకుతాడు. ఆ రకంగా ఒక తరం బ్రిటిష్ మగవాళ్ళ బారక్స్ జ్ఞాపకం తమ సొంత షోలో కాకుండా, కాన్సాస్‌లోని ఒక అబద్ధపు శిబిరంలో భద్రంగా మిగిలింది. మా కార్పోరల్‌గారు బిల్కోని అడిగినప్పుడు అమెరికాని అడగడం లేదు. తన పంతొమ్మిదో ఏడుని అడుగుతున్నాడు. 'కాలానికి నిలిచిన హాస్యం' అని రివ్యూల్లో రాసేస్తాం కదా, తేలిగ్గా. నేనూ రాశాను. పోటీలో ఉన్న రెండో షో రీలు చెరిపేశాక మిగిలినదాన్ని నిలిచింది అంటున్నామని ఎప్పుడూ అనుకోలేదు.

అంతమాత్రాన షో గొప్పది కాదని కాదు. 1956 నాటి 'ది కోర్ట్ మార్షల్' ఎపిసోడ్ చూడండి. కొత్తగా వచ్చినవాళ్ళని అతి తక్కువ టైంలో సైన్యంలో చేర్చుకుని రికార్డు కొట్టాలని పై అధికారుల తాపత్రయం. ఆ వరుసలోకి ఒక చింపాంజీ వచ్చి పడుతుంది. కాగితాల్లోంచి తలెత్తి చూసే నాథుడుండడు. పేరు చెప్పమని కసిరిన అధికారి తొందరపెట్టిన మాటనే పేరనుకుని 'హ్యారీ స్పీకప్' అని రాసేస్తారు. యూనిఫాం ఇస్తారు, పరీక్షలు పెడతారు. నిజం తెలిశాక బయటికి పంపే దారి లేదు, ఎందుకంటే కాగితాల ప్రకారం అది సిపాయి. కోర్ట్ మార్షల్ చేయాల్సిందే. దాని తరఫు లాయరు బిల్కో. విచారణ మధ్యలో చింపాంజీ అనుకోకుండా ఫోను అందుకుంటుంది. స్క్రిప్టులో లేదది. సిల్వర్స్ రెప్ప వేయకుండా, నా క్లయింటు వేరే లాయరుని పిలుచుకుంటున్నాడని అర్థం వచ్చేలా అందుకుంటాడు. కోర్టులో ఉన్న నటులు నవ్వు ఆపుకోలేక పడే తిప్పలు ఫిల్ములో కనిపిస్తాయి. కోతి చేసే తమాషా ఎంతసేపు? ఆ ఎపిసోడ్ బలం కోతిది కాదు, కాగితానిది. ఏ దేశంలోనైనా మీ సేవ కౌంటర్ ముందు నిలబడ్డవాడికి అది అర్థమవుతుంది.

సిల్వర్స్‌కి కూడా తెలుసు, తను బ్రిటన్‌లో ఎవరో. 1967లో 'ఫాలో దట్ క్యామెల్' అనే క్యారీ ఆన్ సినిమాకి ఆయన్ని తెచ్చారు, అమెరికా మార్కెట్‌లో పనికొస్తాడని. ఫ్రెంచ్ ఫారిన్ లీజియన్‌లో సార్జెంటు. అంటే బిల్కోకి వేరే టోపీ. సినిమా సో సో. 1973లో ఆయన ఆత్మకథ అమెరికాలో వచ్చింది, శీర్షికలో ఆయన పేరే ఉంది. అదే పుస్తకం బ్రిటన్‌లో వేసినప్పుడు 'ది మ్యాన్ హూ వాజ్ బిల్కో' అని మార్చారు. అక్కడ అమ్ముడుపోయేది మనిషి పేరు కాదు మరి.

తర్వాతి తరం తారల సంగతి వేరే. డెబ్బైల నాటికి రావడం, పాడడం, ఉండిపోవడం మొదలైంది. 'కోజాక్' గుండాయన టెలీ సవాలస్ 1975లో ఒక పాటని, పాడకుండా దాదాపు మాటల్లో చెప్పేసి, బ్రిటన్‌లో నంబర్ వన్ కొట్టాడు. కోవెంట్రీ పక్కనున్న బర్మింగ్‌హామ్ గురించి ఓ చిన్న పర్యాటక చిత్రానికి గొంతు కూడా ఇచ్చాడు. అందులో రింగురోడ్లని, కాంక్రీటు బిల్డింగుల్ని ప్రేమికుడిలా పొగుడుతుంటే ఇప్పటికీ అక్కడివాళ్ళు పడీ పడీ నవ్వుతారు. ఆ ఊరు చూడకుండానే చదివేశాడని చెబుతారు. 'స్టార్‌స్కీ అండ్ హచ్'లో హచ్ డేవిడ్ సోల్‌కి 1977లో అక్కడ రెండు నంబర్ వన్ పాటలు. చివరికి ఆ దేశంలోనే స్థిరపడి, 2004లో పౌరసత్వం తీసుకుని, 2024 జనవరిలో పోయాడు. బ్రిటన్ వాళ్ళు మా మనిషి పోయాడన్నట్టే మాట్లాడుకున్నారు.

డిక్ వాన్ డైక్‌ది ఇంకా తమాషా. అమెరికాకి ఆయన అరవైల నాటి తన పేరు మీద నడిచిన సిట్‌కామ్ మనిషి. బ్రిటన్‌కి మాత్రం 1964 'మేరీ పాపిన్స్'లో లండన్ యాసని ఖూనీ చేసిన మనిషి. 2017లో బాఫ్టా అవార్డు ఇస్తుంటే ఆ యాసకి క్షమాపణ చెప్పుకున్నాడు. మన సినిమాల్లో తెలంగాణ యాసకి పట్టిన గతి గుర్తొచ్చి నాకు మాత్రం నవ్వు సగమే వచ్చింది. అయితే బ్రిటన్ వాళ్ళు ఆ తప్పుని యాభై ఏళ్ళు ముద్దుగా మోశారు. మధ్యాహ్నాలు బీబీసీలో వచ్చిన 'డయాగ్నసిస్ మర్డర్' డాక్టరుగా ఆయన్ని ఇంట్లోకి కూడా రానిచ్చారు.

రానివాళ్ళు? జానీ కార్సన్ ముప్ఫై ఏళ్ళు, 1962 నుంచి 1992 దాకా, అమెరికాని నిద్రపుచ్చాడు. బ్రిటన్‌లో ఆ పేరుకి బరువు లేదు. ఆ రోజు పేపరు మీద వేసే జోకు సముద్రం దాటదు, ఇందులో వింత లేదు. అమెరికా టీవీకి తొలి మహానటుడనిపించుకున్న మిల్టన్ బెర్ల్‌ని బ్రిటన్‌లో ఎవరైనా గుర్తుపడితే, 'మప్పెట్ షో'లో బాల్కనీలోని ఇద్దరు ముసలి బొమ్మల చేత తిట్లు తిన్న అతిథిగానే. ఆ షో తీసింది బ్రిటన్‌లోనే, ఎల్‌స్ట్రీ స్టూడియోలో.

మన సంగతీ ఇంతే లెండి. మా పిన్ని తొంభైల్లో స్టార్ ప్లస్‌లో 'శాంటా బార్బరా' చూసిన బాపతు. అందులోవాళ్ళ పెళ్ళిళ్ళు, విడాకులు ఇప్పటికీ వరసగా చెబుతుంది. బిల్కో అంటే తనకీ మందు పేరే.

ఆదివారాలు మా లౌంజ్‌లో 5యూఎస్‌ఏ చానెల్ పెట్టేవాళ్ళం, 'కొలంబో' వచ్చేది. నలిగిన కోటులో పీటర్ ఫాక్‌ని అందరూ గుర్తుపట్టేవాళ్ళు, మతిమరుపు బాగా ముదిరినవాళ్ళతో సహా. ఒక ఆదివారం కొత్తగా చేరిన కేరర్ పిల్ల, కోవెంట్రీలోనే పుట్టి పెరిగింది, పంతొమ్మిదేళ్ళుంటాయి, కార్పోరల్‌గారు అలవాటు ప్రకారం అడిగిన ప్రశ్న విని నా వైపు తిరిగి బిల్కో ఎవరంది. టీ కప్పులు కడుగుతూ నాకొచ్చిన ఇంగ్లీషులో ఫోర్ట్ బ్యాక్స్‌టర్, పేకాట, చింపాంజీ కోర్టు కేసు అన్నీ చెప్పుకొచ్చాను. బాగానే నవ్వింది. మరి ఆ కోతికి ఏం పేరు పెట్టారని అడిగింది. నేను గుర్తు తెచ్చుకునేలోగా వెనక కుర్చీలోంచి, కళ్ళు తెరవకుండానే, "ప్రైవేట్ హ్యారీ స్పీకప్" అన్నాడు పెద్దాయన.