ఇత్తడి లోపలి గాడి

రైఫిల్ పేలాక గుండు వెళ్లిపోతుంది, మందు కాలిపోతుంది, మందును రాజేసే ప్రైమర్ పని అయిపోతుంది. మిగిలేది ఇత్తడి కేసు ఒక్కటే. అమెరికాలో వేటగాళ్లూ, గురిపోటీలవాళ్లూ దాన్ని ఏరి ఇంటికి తెచ్చుకుంటారు. కొత్త ప్రైమర్, మందు, గుండు పెట్టి మళ్లీ వాడతారు. అక్కడ ఈ రీలోడింగ్ పాత అలవాటే. ఇందుకు కావలసిన చేతి పనిముట్లు తయారుచేసే ఐడియల్ కంపెనీని జాన్ బార్లో కనెక్టికట్‌లో పెట్టింది 1884లో. మన దగ్గర మాత్రం లైసెన్సు లేకుండా తూటా తయారుచేస్తే 1959 ఆయుధాల చట్టం ఊరుకోదు.

పని తెలిసినవాళ్లు మందు జోలికి పోయేముందు ఇత్తడిని చూస్తారు.

అందులో 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు. పేలినప్పుడు కేసు ఉబ్బి తుపాకీలో తూటా కూర్చునే చాంబర్ గోడను అదుముకుంటుంది, ఒత్తిడి తగ్గగానే కాస్త ముడుచుకుంటుంది. తర్వాత దాన్ని అచ్చులో నొక్కి పాత కొలతకు తెస్తారు. ఇలా సాగీ ముడిగీ లోహం పెళుసెక్కుతుంది. మూతి దగ్గర నిలువు చీలిక కనిపిస్తే తుక్కులో పడేయడమే. చీలకముందే మూతిని వేడిచేసి మెత్తబరిచేవాళ్లున్నారు. ఆ సెగ అడుగుకు తగలకూడదు. అడుగు మెత్తబడిన కేసు ఒత్తిడికి ఆగదు.

అసలు భయం అడుగుకు కాస్త పైన. మందమైన అడుగు ముగిసి పలుచని గోడ మొదలయ్యే చోటే ఇత్తడి ఎక్కువగా సాగుతుంది. లోపల గాడి పడుతుంది, బయట చుట్టూ మెరిసే గీత ఒకటి తేలుతుంది. అచ్చు ఒరిపిడికీ దాదాపు అక్కడే గీత పడుతుంది కాబట్టి కంటిని నమ్మలేం. అందుకే పేపర్ క్లిప్పును సాగదీసి, కొనను చిన్న కొక్కెంలా వంచి, పదును పెడతారు. దాన్ని లోపలికి దించి, గోడకు ఆనించి, అడుగు నుంచి మెల్లగా పైకి లాగుతారు. గోడ నున్నగా ఉంటే తీగ జారిపోతుంది. గాడి ఉంటే టక్కున తట్టుకుంటుంది. అలాంటి కేసును మళ్లీ పేలిస్తే అక్కడే రెండుగా తెగవచ్చు. ముందు సగం చాంబర్లో ఇరుక్కుంటుంది, వేడి గ్యాసు పేల్చేవాడి మొహంవైపు తన్నుకొస్తుంది. బ్రిటిష్ సైన్యం వాడిన .303 లీ-ఎన్‌ఫీల్డ్‌కు ఈ చెడ్డపేరు మరీ ఎక్కువ. దాని చాంబర్ వదులు, బోల్టు బిగిసేది వెనకవైపున.

ఆ సైన్యానికే మన దేశంలో మరో విచిత్రం ఎదురైంది. గుర్రపుశాలల్లో దాచిన తూటాలు వానాకాలం వెళ్లేసరికి పేల్చకుండానే పగిలేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, తయారీలో లోహంలో మిగిలిపోయిన బిగువు కలిసి చేసిన పని అది. ఆ గుట్టు 1921లో మూర్, బెకిన్సేల్, మాలిన్సన్ విప్పారు. కేసులు తోమడానికి అమ్మోనియా ఉన్న పాలిష్ వద్దనేది ఇందుకే.

పొడవు కూడా కొలుస్తారు. .308 విన్‌చెస్టర్ కేసు 2.015 అంగుళాలు దాటితే కత్తిరించాలి. కొత్త ప్రైమర్ వేలితో నొక్కితేనే దిగిపోయిందంటే దాని గుంత వదులైపోయినట్టే, ఆ కేసు పనికిరాదు.

ఒక కేసులో గాడి దొరికితే, దానితోపాటు అన్నిసార్లే పేలిన మిగతావాటిలోనూ తీగ తిప్పుతారు. చెడ్డవాటిని పటకారుతో అణగనొక్కి మరీ పారేస్తారు, మంచివాటిలో మళ్లీ కలవకుండా.