గొలుసు కొలవని ఎత్తు

నంది కొండలలో పుట్టిన పెన్నయు, చిత్రావతియు మా సీమ చేరునప్పటికి పెక్కేండ్లు ఇసుక బాటలై యుండుటచేత, హిందూపురములోగాని ధర్మవరములోగాని ఇల్లు కట్టబోవువాడు స్థలము కొలిపించునప్పుడు పొడవు వెడల్పులను, వీథిపోటును విచారించునే గాని నీటిమట్టమును విచారింపడు. నేల కొలుచుటయే వృత్తిగా తల నెరసిన నన్ను, మా గడప యే యెత్తున నున్నదని యడిగిన పాపమున నొక్కడును పోలేదు.

తప్పు వారిది మాత్రమే కాదు. 1800లో ఈ దత్తమండలములు కుంపిణీ వశమైన పిదప మన్రో దొర చేయించిన సర్వేలో గొలుసు పొడవు 33 అడుగులు. అట్టి గొలుసు చదరములు నలుబది యైనచో ఎకరము. శిస్తు కొరకు పుట్టిన కొలతకు వైశాల్యము చాలును, ఎత్తుతో పనియేమి? నేటికిని ఎఫ్‌ఎంబీ యను పొలము కొలతల పుస్తకపు పటము విప్పి చూడుడు: నడుమ ఆధారరేఖయగు జి-లైను, దానినుండి మూలలకు ఆఫ్‌సెట్లు, చుట్టును రాళ్ళ గుర్తులు, ఏ మూల యెంత పల్లమో తెలుపు అంకె యొక్కటియు నందు గానరాదు. సర్వే ఆఫ్ ఇండియా వారి 1:50,000 టోపోషీటులో సమోన్నత రేఖలున్న మాట నిజమే గాని, రేఖకును రేఖకును నడుమ ఇరువది మీటర్లు. ఆరంతస్తుల మేడ యిమిడిపోవు ఆ సందున గడప దాటిన మూడడుగుల నీరెట్లు కనబడును?

2021 నవంబరులో చిత్రావతి పొంగినప్పుడు వెల్దుర్తి కడ ప్రవాహమున చిక్కుకొన్న పదుగురిని వాయుసేన హెలికాప్టరు పైకి తీసినది. అట్టి వరద తీసిన తరువాతనే బీమా తగాదాలు తలయెత్తును. ధర్మవరమున నొక నేతగాని యింట గుంటమగ్గము కాళ్ళగుంట నిండి, పడుగు తడిసి పాడైనది. నష్టము అంచనా వేయవచ్చినవారు ఎండిన గుంటను చూచి, ఇది వరద కాదు, అడుగునుండి ఊరిన చెమ్మ యని వ్రాసిరి. మేము లెవెల్ యంత్రమును వీథిలో నిలిపి, స్టాఫు అను కొలకర్రను ముందు వంక మోరీ గోడమీది బురద చారకును, పిదప పొరుగింటి చారకును, కడపట మగ్గపుగది చారకును ఆనించి చదివితిమి. మూడును రెండంగుళముల తేడాలో ఒక్క మట్టమున నిలిచినవి. ఊరిన చెమ్మ ఇంటికొక తీరున ప్రాకును గాని వీథి పొడుగునను తిన్నని గీత గీయదు. ఆ అంకెల కాగితము చేరిన మీదట కంపెనీవారు మాట మార్చుకొనిరి.

అమెరికాలో 1968 నాటి వరదబీమా పథకము క్రింద, ఇంటి నేల వరదమట్టమున కెంత పైన నున్నదో సర్వేయరు వ్రాసియిచ్చు ధ్రువపత్రము చిరకాలము ప్రీమియమునకు ఆధారముగా నుండెను. మనకు 2021 ఏప్రిల్ నుండి వచ్చిన భారత్ గృహ రక్ష పాలసీ వరదను కలుపుకొన్నదే యైనను, గడప యెత్తు నడుగు గడి యెచ్చటను లేదు. 2020లో మన రాష్ట్రమున ఆరంభమైన భూముల రీసర్వేలో, ఉపగ్రహ సంకేతములతో కొలుచు రోవరు యంత్రము ఎత్తును గూడ పట్టగలదు; హక్కుపత్రమున కెక్కునది విస్తీర్ణమే. చేతికందిన అంకెను పారవేయుట నాకు శుద్ధ దండుగగా తోచును.

కావున గృహస్థులకు నా మనవి: ఊరి చెరువు మరవకంటె మీ గడప యెన్ని అడుగుల పైనో క్రిందో వర్షములకు ముందే కొలిపించి, సంతకముతో తీసికొని పాలసీతో నుంచుడు. నీరు వచ్చిపోయినచో గోడ కడుగకమునుపే బురద చార ప్రక్క స్కేలు పెట్టి ఫొటో తీయింపుడు. కంపెనీ కాదన్నచో ఏడాదిలోపల హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు వ్రాయుడు. అందులకు రుసుము లేదు.