కారని గండి

చెరువు కట్టకు గండి పడితే నీళ్లు బయటికి పోతాయి. ఎక్కడ పూడ్చాలో ఊరందరికీ కనిపిస్తుంది. డీజిల్ బండిలో పడే గండి తీరు వేరు. అందులోంచి చుక్క కూడా బయటికి రాదు. బయటి గాలే లోపలికి పోతుంది. కింద తడి ఉండదు, చేతికి మరక అంటదు. అలాంటి గండిని ప్రొద్దుటూరులో ఒక మెకానిక్ వెతికి పట్టుకోవడం ఒక పూటంతా పక్కన కూర్చుని చూశాను. ఆ పనితనాన్ని చూసింది చూసినట్టు చెప్పాలనిపించింది.

బండి మా మిత్రుడిది. పాత టెంపో ట్రావెలర్. 1987లో బజాజ్ టెంపో కంపెనీ మన రోడ్ల మీదికి తెచ్చిన వ్యాన్ ఇది. ఆ కంపెనీయే 2005లో ఫోర్స్ మోటార్స్ అయింది. అందులోని నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజన్ మెర్సిడెస్ వాళ్ల ఓఎం616 వంశానిది. ఏళ్ల తరబడి పెళ్లి బృందాలను, తిరుపతి యాత్రికులను మోసిన ఆ బండిని మా మిత్రుడు కొని, వెనక సీట్లు తీయించి, రెండు చెక్క బల్లలు, నీళ్ల క్యాను, చిన్న గ్యాసు పొయ్యి అమర్చుకున్నాడు. సెలవు దొరికితే పెన్న ఎర్రమల కొండలను కోసుకుపోయిన గండికోటకో, పాపఘ్ని శేషాచలం కొండలను చీల్చుకొచ్చిన వీరాంజనేయస్వామి గండికో కుటుంబంతో బయల్దేరతాడు. ఇల్లూ బండీ ఒకటే.

జబ్బు ఇది. ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు దాకా చదును రోడ్డు మీద బండి హాయిగా పోతుంది. గండికోట ఎక్కుడు మొదలయ్యేసరికి లాగడం తగ్గిపోతుంది, రొప్పుతుంది, చివరికి ఆగిపోతుంది. కాసేపు ఉండి, చేత్తో డీజిల్ ఎక్కించే హ్యాండ్ పంపు కొడితే మళ్లీ అందుకుంటుంది. చూసినవాళ్లు ఇంజెక్షన్ పంపు విప్పాల్సిందే అన్నారు. అది డీజిల్ బండికి గుండె లాంటిది. విప్పడమంటే చిన్న ఖర్చు కాదు.

షెడ్డులో అందరూ ఆ మెకానిక్‌ను భాయ్ అని పిలుస్తారు. అరవై దాటిన మనిషి. బండి చుట్టూ ఒకసారి తిరిగాడు గానీ స్పానర్ పట్టలేదు. ముందు అడగడం మొదలుపెట్టాడు.

"రాత్రంతా నిలబెడితే తెల్లారి ఒక్క సెల్ఫుకే అందుకుంటాదా అన్నా?"

"లేదు భాయ్, చాలాసేపు కొట్టాల."

"ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు గూడా ఇట్లే అయితాదా, సగానికి దిగినాకనా?"

మా మిత్రుడు ఆలోచించి, నిండుగా ఉన్నప్పుడు ఈ బాధ తక్కువేనన్నాడు.

"అయితే పంపు కాడికి ఇప్పుడే పోబన్లేదు" అన్నాడు భాయ్.

ఆ రెండు జవాబుల్లో ఆయనకు ఏం కనిపించిందో తెలియాలంటే డీజిల్ నడిచే దారి తెలియాలి. ట్యాంకులో అడుగు దాకా దిగిన గొట్టం, దాని మూతికి జాలి. అక్కడి నుంచి బండి కింద ఇనుప పైపు, దాని కొసలకు రబ్బరు హోసులు. తర్వాత నీటినీ చెత్తనూ ఆపే చిన్న ముందు ఫిల్టర్. ఆ తర్వాత ఫీడ్ పంపు. ఫీడ్ పంపు దాటాక మెయిన్ ఫిల్టర్, ఇంజెక్షన్ పంపు, నాలుగు సన్నని ఉక్కు పైపులు, నాలుగు ఇంజెక్టర్లు. మిగిలిన డీజిల్ రిటర్న్ పైపులో ట్యాంకుకు తిరిగొస్తుంది.

ఈ దారికి నడిమి గడప ఫీడ్ పంపు. ట్యాంకు నుంచి దాని దాకా డీజిల్‌ను లాగాలి, దాని నుంచి ముందుకు తోయాలి. తోసే వైపు ఎక్కడ సందు ఉన్నా డీజిల్ బయటికి కారుతుంది, కంటికి దొరుకుతుంది. లాగే వైపు పైపు లోపలి ఒత్తిడి బయటి గాలి ఒత్తిడి కంటే తక్కువ. అక్కడ సందు పడితే గాలే లోపలికి దూరుతుంది. ట్యాంకు తగ్గేకొద్దీ డీజిల్‌ను లాగాల్సిన ఎత్తు పెరుగుతుంది, గాలి ఇంకా ఎక్కువగా చొరబడుతుంది. ఎక్కుడులో బండి ముక్కు పైకి లేచి, వెనకున్న ట్యాంకు ఇంకా కిందికి పోతుంది. ఇంజన్ కూడా ఎక్కువ డీజిల్ అడుగుతుంది. ఇక రాత్రంతా నిలబెడితే, ఆ సందులోంచి గాలి చేరి, పైపులోని డీజిల్ మెల్లగా ట్యాంకులోకి జారిపోతుంది. అందుకే తెల్లారి అంతసేపు సెల్ఫు కొట్టాల్సి వస్తుంది. మూడు లక్షణాలూ ఒకే వైపు వేలు చూపిస్తున్నాయి.

గాలి బుడగకు అంత బలం ఎక్కడిదని అడగవచ్చు. జవాబు ఇంజెక్షన్ పంపు లోపల ఉంది. బాష్ కంపెనీ జర్మనీలో 1927లో ఈ తరహా పంపుల తయారీ పెద్ద ఎత్తున మొదలుపెట్టింది. మన దేశంలో 1951లో బెంగళూరులో పుట్టిన మైకో వాటిని ఇంటింటి మాట చేసింది. 2008లో ఆ కంపెనీ పేరు బాష్‌గా మారినా, షెడ్డుల్లో ఇప్పటికీ మైకో పంపనే అంటారు. సిలిండర్‌కు ఒకటి చొప్పున అందులో నాలుగు ప్లంజర్లు, నాలుగు బ్యారెళ్లు ఉంటాయి. ప్లంజర్‌కూ బ్యారెల్‌కూ మధ్య ఖాళీ మిల్లీమీటరులో వెయ్యో వంతులు రెండో మూడో. తల వెంట్రుక మందం దానికి ఇరవై రెట్లు పైనే. ప్రతి ప్లంజర్‌నూ దాని బ్యారెల్‌తోనే జతగా అరగదీస్తారు. ఒకదాని జోడును ఇంకొకదానికి వేయకూడదు. అంత సన్నని చోట వేరే ఆయిల్ ఉండదు, డీజిలే కందెన.

ప్లంజర్ ఒంటి మీద ఏటవాలుగా ఒక గాడి కోసి ఉంటుంది. యాక్సిలరేటర్ తొక్కితే ప్లంజర్ తన చుట్టూ తాను కొంచెం తిరుగుతుంది. గాడి రంధ్రాన్ని ఎప్పుడు తాకుతుందన్న దాన్ని బట్టి ఎంత డీజిల్ పోవాలో తేలుతుంది. పైకి లేచే ఎత్తు ఎప్పుడూ ఒకటే, పంపే కొలత మాత్రం మారుతుంది. పూర్తి బరువు మీద కూడా ఒక్కో విడతకు పోయేది ఒక నీటి చుక్క కంటే తక్కువ. ఇంజన్ నిమిషానికి 3000 చుట్లు తిరిగితే ఒక్కో సిలిండర్‌కు సెకనుకు 25 సార్లు ఆ చుక్కను కొలిచి పంపాలి. ఇంజెక్టర్ సూది తెరుచుకోవాలంటే వంద బార్లు దాటిన ఒత్తిడి కావాలి. డీజిల్ ద్రవం, నలగదు. నెట్టిన బలమంతా సూదికి చేరుతుంది. మధ్యలో బుడగ ఉంటే ప్లంజర్ దాన్ని నలిపి ఊరుకుంటుంది. సూది కదలదు. ఆవగింజంత గాలి ఇంత పెద్ద బండిని కొండ కింద నిలబెట్టగలిగేది ఇలాగే.

భాయ్ వెతుకులాటకు ఒక వరస ఉంది. ముందు ట్యాంకు మూత తెరిచి చెవి పెట్టాడు. మూతలోని గాలి రంధ్రం పూడిపోతే తెరవగానే బుస్సుమంటుంది. శబ్దం రాలేదు. తర్వాత ఫీడ్ పంపు మీది హ్యాండ్ పంపు మర వదులు చేసి లాగి నొక్కాడు. లాగేటప్పుడు చేయి బరువెక్కితే ట్యాంకు వైపు అడ్డం ఉన్నట్టు. నొక్కేటప్పుడు ఎంతకీ బిగుసుకోకపోతే గాలి ఉన్నట్టు. ఆయన నా చేతికిచ్చి నొక్కమన్నాడు. మెత్తగా పోయింది. ఫిల్టర్ మీది ఎయిర్ స్క్రూ వదిలితే నురగ వచ్చింది.

గాలి ఉందని తేలింది. ఎక్కడి నుంచో తేలాలి. మేస్త్రీలు గోడల మట్టం చూసే తెల్లటి లెవెల్ పైపు ముక్కను ఫీడ్ పంపుకు ముందు కలిపి, ఇంజన్ రేస్ చేయించాడు. ఆ పైపులో సన్నని బుడగలు చీమల బారులా పరుగెత్తాయి. ట్యాంకు లైను తీసేసి, శుభ్రమైన డీజిల్ క్యానులోంచి లాగించాడు. క్యానును పైన వేలాడదీయలేదు, నేల మీద పెట్టాడు. ఎందుకని అడిగాను.

"పైన పెడితే డీజిల్ దానంతటదే దిగి వస్తాది సార్. గాలి దూరేదానికి చోటుండదు, బుడగా రాదు. ఫీడ్ పంపులోనే తప్పుంటే మనకు తెలియదు. కింద పెట్టి లాగిస్తే నిజం బయటపడతాది."

ఈ వరసలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచింది అదే. నేల మీది క్యాను నుంచి లాగించినా ఫిల్టర్ ఎయిర్ స్క్రూ దగ్గర డీజిల్ నురగ లేకుండా అద్దంలా వచ్చింది. ఫీడ్ పంపు నిర్దోషి. దాని అవతలి ఇంజెక్షన్ పంపు జోలికి పోవాల్సిన పనే లేదు. లైను మళ్లీ కలిపి, లెవెల్ పైపును ముందు ఫిల్టర్‌కు ట్యాంకు వైపుకు మార్చాడు. అక్కడా బుడగలే. ఇక మిగిలింది ట్యాంకుకూ ఫిల్టర్‌కూ మధ్య దారి.

ఆ ముక్కను రెండు వైపులా విడదీసి, ఒక కొస మూసి, ఇంకో కొస నుంచి సైకిల్ పంపుతో మెల్లగా గాలి కొట్టించాడు. కంప్రెసర్ పక్కనే ఉంది. అంత జోరు గాలి పాత రబ్బరును కొత్తగా చీలుస్తుందని వాడలేదు. లోపలికి పీల్చే సందును బయటికి ఊదేలా తిప్పాడన్నమాట. అతుకులన్నిటికీ సబ్బు నీళ్లు రాశాడు. ఇనుప పైపుకు హోస్ తగిలే చోట, క్లిప్పు పక్కన, సబ్బు నురగ పొంగింది. పైకి ఆ హోస్ నల్లగా నిగనిగలాడుతూనే ఉంది. వంచి చూపించాడు. ఎండిన చెరువులో నెర్రెల్లా సన్నని పగుళ్లు. క్లిప్పును అతిగా బిగించడంతో దాని అంచు రబ్బరును కోసేసింది.

బాగుచేయడంలోనూ అదే శ్రద్ధ. డీజిల్‌కు తట్టుకునే కొత్త హోస్‌ను అడ్డంగా, సమంగా కోశాడు. పైపు అంచున ఉబ్బెత్తుగా ఉండే కట్టును దాటించి, క్లిప్పును ఆ కట్టు వెనక కూర్చోబెట్టాడు. విప్పిన చోట్ల రాగి వాషర్లను ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచాడు. ఉక్కును అలా ముంచితే గట్టిపడుతుంది, రాగి మెత్తబడుతుంది. మెత్తబడ్డ వాషర్ బోల్టు కింద సందులేకుండా ఒదిగిపోతుంది. తర్వాత ఎయిర్ తీయడం: మొదట మెయిన్ ఫిల్టర్ దగ్గర, పిమ్మట ఇంజెక్షన్ పంపు దగ్గర, చివరికి ఇంజెక్టర్ల నట్లు కొంచెం వదిలి సెల్ఫు కొట్టి. షెడ్డులో పిల్లవాడు చేయి దగ్గరికి తెస్తుంటే వెనక్కి లాగాడు. ఇంజెక్టర్ నుంచి చిమ్మే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది.

మర్నాడు లెవెల్ పైపును ఫీడ్ పంపు ముందు బిగించి గండికోట ఎక్కాం. బండి ఎక్కడా రొప్పలేదు. పైన ఆపి చూస్తే పైపులో ఒక్క బుడగ లేదు. తిరిగొచ్చాక భాయ్ ఆ పైపు తీసి మామూలు హోస్ వేశాడు. డీజిల్ తగిలి ఆ ప్లాస్టిక్ కొన్నాళ్లకు బిరుసెక్కుతుందట.

పాత డీజిల్ బండి ఉన్నవాళ్లకు ఒక మాట. ఎక్కుడులో ఆగిందా, చదునులోనా, ట్యాంకు ఎంత ఉంది, తెల్లారి ఎలా స్టార్టయింది అన్నవి గుర్తుపెట్టుకుని మెకానిక్‌కు చెప్పండి. సగం పని అక్కడే అయిపోతుంది. కింద డీజిల్ మరక లేదని పైపులన్నీ బాగున్నాయని నమ్మకండి. ఇంజెక్షన్ పంపు విప్పే ముందు, ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా ఉన్న రబ్బరును ఒకసారి వంచి చూడమనండి.