అంకపీఠం: ఒక పీఠిక

భారతీయ శిల్పచిత్రకళలలోని మాతృశిశుమూర్తులను అనుశీలించిన ఈ గ్రంథానికి పీఠిక వ్రాయవలసిందిగా రచయిత్రి కోరగా, వ్రాతప్రతిని సాంతం పరికించి సంతోషంతో అంగీకరించాను. దేవతల ఆయుధవాహనాదులను సవిస్తరంగా వర్ణించిన గ్రంథాలు మనకున్నాయి. తల్లి అంకాన్నే పీఠంగా, అందు కూర్చున్న శిశువునే ప్రధాన లక్షణంగా గ్రహించి, ఆ మూర్తి పరిణామాన్ని శతాబ్దాల పర్యంతం అన్వేషించిన కృషి తెలుగులో విరళం.

1914లో టి. ఏ. గోపీనాథరావు ప్రతిమాలక్షణానికి, 1942లో సి. శివరామమూర్తి అమరావతి శిల్పానికి పరచిన రాజమార్గంలోనే ఈమె నడిచారు. అయితే పూర్వులు ఆగినచోట ఆగక, ఈ మూర్తులను ప్రతిష్ఠించి కొలిచిన జనుల ఆర్తిని సైతం విచారించారు. బిడ్డలను భక్షించే హారీతి, తన ముద్దుబిడ్డను తథాగతుడు భిక్షాపాత్ర క్రింద దాచగా కడుపుకోత ఎటువంటిదో ఎరిగి, నాటినుండి బాలరక్షకురాలైందన్న బౌద్ధగాథను పురస్కరించుకొని, అజంతా 2వ గుహలోని ఆమె మందిరాన్నీ, మన నాగార్జునకొండలో ఆమెకు వెలసిన ఆలయాన్నీ ఈమె వివేచించిన తీరు గ్రంథానికి ప్రాణం. శిశుమరణభీతి నిత్యం వెన్నాడిన కాలంలో ఈ మూర్తులు కేవలం వాత్సల్యచిత్రణలు కావనీ, అభయాన్ని యాచించిన తల్లుల మ్రొక్కులకు ఆలంబనాలనీ రచయిత్రి చేసిన ప్రతిపాదన నాకు సమ్మతం. ఎల్లోరా 14వ గుహలో శిశువులను ధరించిన సప్తమాతృకలను, ఆ మాతృకలచేత పరిపాలితులమని శాసనాలలో చెప్పుకొన్న వేంగీ చాళుక్యులతో అనుసంధించి చూపడం ఆ ప్రతిపాదనకు బలం.

బ్రిటిష్ మ్యూజియంలోని అమరావతి ఫలకంలో మాయాదేవి ప్రసవించిన శిశువుకు రూపం లేదు; లోకపాలురు పట్టిన వస్త్రంపై చిన్ని పాదముద్రలే ఉన్నాయి. అజంతా 17వ గుహలోనైతే భిక్షాపాత్రతో నిలిచిన మహోన్నత బుద్ధుని ఎదుట యశోధర తన రాహులుని నిలుపుతుంది. ఈ రెంటినీ ఒకచోట చేర్చి, శిశువును చూపకయే మాతృత్వాన్ని స్ఫురింపజేసిన శిల్పినీ, శిశుసమర్పణలో దానిని పరాకాష్ఠకు చేర్చిన చిత్రకారునీ సమదృష్టితో తూచిన అధ్యాయం విశేషంగా పఠనీయం.

గ్రామదేవతల మృణ్మయ, దారుమయ మూర్తులకు ఇందు దక్కిన చోటు స్వల్పం. వాటికి ప్రత్యేక సంపుటాన్నే ఈమె సంకల్పించాలని నా అభిలాష. ప్రతి వాక్యం వెనుక మూర్తిని స్వయంగా దర్శించిన నిష్ఠ ఉన్న ఈ గ్రంథాన్ని శిల్పాభిమానులు, విద్యార్థులు ఆదరించాలనీ, చదివిన పిమ్మట సమీపంలోని మ్యూజియానికి వెళ్లి ఆ మూర్తులను తమ కన్నులతో పరీక్షించాలనీ కోరుతున్నాను.