నీతికథా, గోండు బాలుడూ

పిల్లల పుస్తకాలను గురించి మన విద్యావేత్తలు మాట్లాడినప్పుడల్లా ‘నీతి’ అన్న మాట ముందుకు వస్తుంది. మంచి కథ అంటే నీతి చెప్పే కథ అనీ, ఆ నీతిని పిల్లవాడు ఒప్పజెబితే చదువు వచ్చినట్లేననీ వారి అభిప్రాయం. ఈ అభిప్రాయంలో పిల్లవాడికి చోటు లేదు. వాడి భాషా, వాడి ఊరూ, వాడి ఆకలీ వారి లెక్కలోకి రావు. కథ విని పిల్లవాడు తన జీవితాన్ని మరింత తెలుసుకోగలిగాడా లేదా అన్నదే దాని విలువకు కొలత. ఆదిలాబాదు గోండుల చరిత్ర ఈ సంగతిని రుజువు చేస్తున్నది.

1940లో జోడేఘాట్‌లో కొమురం భీం నిజాం పోలీసుల కాల్పులకు బలి అయ్యాడు. ఆ పోరాటం భూమి కోసం, అడవి కోసం. గోండుల పొలాలు పరుల పాలు కావడానికి గల కారణాలలో చదువు లేకపోవడం కూడా ఒకటి. సర్కారు కాగితం వారికి రాని భాషలో ఉండేది. తిరుగుబాటు తరువాతనే ప్రభుత్వం హైమెన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రజ్ఞుని చేత గోండుల స్థితిగతులను పరిశీలింపజేసింది. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణకేంద్రం వెలిసింది. దేవనాగరి లిపిలో గోండీ వాచకాలు తయారైనవి. గోండు యువకులే పంతుళ్లయ్యారు.

దీనిని నిజాం ఔదార్యంగా పొగడనక్కరలేదు. రక్తం చిందిన తరువాత గాని ఆ ఔదార్యం మేలుకోలేదు. అయినా అందులోని విద్యాసూత్రం సరైనదే. పిల్లవాడు తన భాషలో చదవడం నేర్చి, ఆ బలంతో పరాయి భాషలోకి పోవాలి. తరువాతి కాలంలో గోండీ వెనుకబడి, తెలుగే బోధనభాష అయింది. సర్కారు భాష మారింది గాని గోండు బాలుడు మొదటిరోజు నుంచే పరాయి భాష వినవలసిన స్థితి మళ్లీ వచ్చింది.

అయితే వాచకం ఒక మెట్టు మాత్రమే. రసీదు చదవడానికి అది చాలును. ఆ రసీదు అలా ఎందుకు వ్రాశారని అడగడానికి చాలదు. జరిగినదానికి కారణం వెదకడమూ, ఇది మరొక విధంగా జరిగి ఉండవచ్చునని ఊహించడమూ పిల్లవాడికి నేర్పేది కథ. ఊహించలేనివాడు ప్రశ్నించలేడు.

గోండులకు కథల కరువు లేదు. పర్ధానులు కిక్రీ వాయిస్తూ వంశాల పుట్టుకను, దేవతల చరిత్రను తరతరాలుగా గానం చేస్తున్నారు. లిపి లేదన్న సాకు కూడా చెల్లదు. నార్నూరు మండలంలోని గుంజాలలో గోండీ లిపి వ్రాతప్రతులు 2006లో వెలుగులోకి వచ్చాయి. 2018లో ఆ లిపి యూనికోడ్‌లో చేరింది. ఇంత సంపద ఉండీ గోండు పిల్లవాడు ఇంట్లో విన్న కథను గడప అవతల వదిలి బడికి పోవలసి రావడం విద్య అనిపించుకోదు.

ఇందులో తెలుగు రచయితల బాధ్యత లేకపోలేదు. మన బాలల కథలలో చాలావాటికి అడవి అంటే రాజకుమారుడు వేటాడే చోటు, రాక్షసుడు దాగే చోటు. అక్కడ ఇప్ప పువ్వు ఏరుకునే పిల్లవాడు ఆ కథల కంటికి ఆనడు. భీం జీవితాన్ని సాహు, అల్లం రాజయ్య నవలగా వ్రాసి, తెలుగు ఆ పనికి చాలునని నిరూపించారు. అది పెద్దల పుస్తకం. అంత శ్రద్ధ పదేళ్ల పిల్లవాడికీ దక్కాలి.

పర్ధానుల నోటి కథలను, వారినే పక్కన కూర్చోబెట్టుకొని, గోండీలోనూ తెలుగులోనూ ఒకే పుస్తకంగా అచ్చువేయాలి. అవి గోండు పిల్లలకే గాక కరీంనగరు, గుంటూరు పిల్లలకూ చేరాలి. ఉపాధ్యాయులూ, విద్యార్థులూ, రచయితలూ కలిస్తే తప్ప ఈ పని జరగదు.