తొట్టి ఖాళీగా ఉన్నన్నాళ్లూ

డిసెంబరులో డబ్లిన్‌లో సాయంత్రం నాలుగుంపావుకల్లా పొద్దు గూకిపోతుంది. పిల్లల్ని బడి నుంచి తెచ్చి, కోట్లూ టోపీలూ విప్పించి, పాలు కాచేసరికి కిటికీ బయట చీకటి. డబ్లిన్ శివారు లూకన్‌లో కాపురం పెట్టిన మొదటి ఏడు ఆ చీకటికి నాకు దిగులు వేసేది. ఆ ఏడే, 24వ తేదీ సాయంత్రం, ఎదురింటి కిటికీలో ఒకే ఒక్క కొవ్వొత్తి కనిపించింది. వీధి పొడుగునా రంగు బల్బుల తోరణాలు వెలుగుతున్నాయి. ఆ ఇంటి పెద్దావిడ మాత్రం పరదా పక్కకు లాగి, అద్దం దగ్గర ఆ ఒక్కటీ వెలిగించి పెట్టింది. తర్వాత కలిసినప్పుడు అడిగాను. మరియమ్మకూ యోసేపుకూ ఆ రాత్రి ఎక్కడా చోటు దొరకలేదు కదా, మా ఇంట్లో ఉందని వాళ్లకు తెలియొద్దా అంది. చిన్నప్పుడు తనే వెలిగించేదట, ఏడుగురు పిల్లల్లో ఆఖరిది కాబట్టి.

ఐర్లాండు పల్లెల్లో ఇది పాత ఆచారం. టర్నిప్ దుంపను మధ్యలో తొలిచి, అందులో లావుపాటి కొవ్వొత్తి నిలబెట్టేవారు. వెలిగించడం ఇంట్లో అందరికన్నా చిన్నవాళ్ల వంతు. భోజనాలయ్యాక బల్ల మళ్లీ సర్ది, ఎండుద్రాక్ష వేసిన రొట్టె, కూజాడు పాలు పెట్టి, తలుపు గడియ వేయకుండా పడుకునేవారు. ఆ దంపతులే వస్తారో, దారి తప్పిన బాటసారే వస్తాడో అని. కాథలిక్కుల ఆరాధన మీద ఆంక్షలున్న రోజుల్లో, ఈ ఇంట్లో భయం లేదు, లోపలికి రావచ్చు అని గురువులకు అదొక గుర్తుగా ఉండేదనీ చెబుతారు. 1990లో దేశాధ్యక్షురాలైన మేరీ రాబిన్సన్, బతుకుతెరువు కోసం సముద్రాలు దాటిపోయిన ఐరిష్ వాళ్లందరి కోసం అధ్యక్ష భవనం వంటగది కిటికీలో ఒక దీపం పెట్టించింది. వెళ్లిపోయినవాళ్ల కోసం దీపం పెట్టే దేశానికి మేం వచ్చినవాళ్లుగా చేరాం. అందుకే కాబోలు, ఈ ఆచారం నాకు పరాయిదిగా తోచలేదు.

మాది గుంటూరు లూథరన్ కుటుంబం. 1842 జూలై 31న లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరులో అడుగుపెట్టిన నాటి నుంచి పెరిగిన సంఘం మాది. మా వైపు క్రిస్మస్ అంటే వీధిలో జరిగే పండగ. వెదురుబద్దలకు రంగు కాగితం అంటించిన స్టారు డాబా మీదికి ఎక్కుతుంది. అర్ధరాత్రి క్యారల్స్ వాళ్లు డప్పుతో వచ్చి తలుపు కొడతారు. నిద్రమొహాలతో లేచి వాళ్లకు టీ, అరిసెలు ఇస్తాం. పిల్లలకు ఎవరూ పనిగట్టుకుని ఏమీ నేర్పక్కర్లేదు. తాతయ్యలు, పిన్నులు, సండే స్కూలు టీచరమ్మ, పక్కింటివాళ్లు, అందరూ కలిసి తెలియకుండానే నేర్పేస్తారు. ఇక్కడ మేం నలుగురమే. అంతమంది చేసిన పని ఇద్దరం ఎలా చేయాలా అని నేను చాలా రాత్రులు ఆలోచించాను.

మొదట చెప్పడాన్నే నమ్ముకున్నాను. రోజూ బొమ్మల బైబిలు తెరిచి కూర్చుంటే మా చిన్నోడు మూడో పేజీకి లేచిపోయేవాడు. వాడిది తప్పు కాదు. ఆ వయసులో మాట కంటే చేతికిచ్చిన పని గుర్తుంటుంది. ఇది ఎప్పుడో గ్రహించిన మనిషి ఒకాయన ఉన్నాడు. జర్మనీలోని హాంబర్గులో యోహాన్ హిన్రిక్ విఖెర్న్ అనే లూథరన్ బోధకుడు పేదపిల్లల కోసం ఒక ఆశ్రమం నడిపేవాడు. క్రిస్మస్ ఎప్పుడు, ఇంకెన్ని రోజులు అని పిల్లలు ఊపిరి సలపనివ్వకపోతే, 1839లో ఆయన బండిచక్రం ఒకటి తెచ్చి, మామూలు రోజులకు చిన్న ఎర్ర కొవ్వొత్తులు, ఆదివారాలకు పెద్ద తెల్లవి అమర్చాడు. రోజుకొకటి వెలిగించుకుంటూ పోవడమే. ఇవాళ ఎన్నో దేశాల గుళ్లలో కనిపించే, క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలపు కొవ్వొత్తుల దండకు అదే మొదలు.

మా ఇంట్లో దానికి స్టీలు పళ్లెం చాలింది. నాలుగు కొవ్వొత్తులు, చుట్టూ కంచెలోంచి కోసుకొచ్చిన హోలీ రెమ్మలు. ఆదివారం రాత్రి అన్నానికి ముందు పాప వెలిగిస్తుంది, ఒక్కొక్కరం ఒక్క వాక్యం ప్రార్థన చేస్తాం, చిన్నోడు ఆర్పుతాడు. మొత్తం ఐదు నిమిషాలు. అంతకు మించి సాగనివ్వను. పసివాళ్లతో చేసే ఆచారం చిన్నదైతేనే మరుసటి ఏటికి మిగులుతుందని నా గట్టి నమ్మకం.

పాక సంగతి వేరు. యేసు పుట్టిన పశువుల పాకను బొమ్మలతో పెట్టిన ఏడు మా అమ్మ వీడియో కాల్‌లో చూసి కాసేపు మాట్లాడలేదు. "మనిళ్లల్లో బొమ్మలు పెట్టుకోరు కదే" అంది చివరికి. ఆ జంకు ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలుసు, దాన్ని తేలిగ్గా తీసుకోను. మొక్కడానికి కాదమ్మా, ఎదురుచూడ్డానికి అన్నాను. ఎందుకంటే మా పాకలో బాలయేసు ఉండడు. పొత్తిగుడ్డ చుట్టి బీరువాలో చిన్న చెక్కపెట్టెలో పెడతాం. పెట్టె ఎక్కడుందో చిన్నోడికి తెలుసు, తెరవకూడదనీ తెలుసు. 24 రాత్రి దాకా తొట్టి ఖాళీ. 1223లో ఇటలీలోని గ్రెచ్చోలో అస్సీసి ఫ్రాన్సిస్ పెట్టిన పాకలో నిజమైన ఎద్దు, గాడిద, తొట్టినిండా ఎండుగడ్డి ఉన్నాయి. చదవలేని జనం కళ్లతో చూడాలని ఆయన తపన. డబ్లిన్ పార్నెల్ స్క్వేర్‌లో 1956 నుంచి ఏటా పెట్టే కదిలే బొమ్మల పాకకు మా వాళ్లను తీసుకెళితే చిన్నోడు అద్దానికి ముక్కు ఆనించి కదల్లేదు. అప్పుడు ఫ్రాన్సిస్ తపన నాకు బాగా అర్థమైంది.

మా తొట్టిలోకి గడ్డి కావాలి. గుంటూరులో అయితే గడ్డివాములోంచి పిడికెడు దూసుకోవడమే. ఇక్కడ పెట్ షాపులో కుందేళ్ల కోసం అమ్మే ఎండుగడ్డి సంచి కొన్నాను. మంచిపని చేసినప్పుడల్లా ఒక పరక వేయాలి, బాలయేసు పడుకునేసరికి తొట్టి మెత్తగా అవ్వాలి. చాలా దేశాల్లో క్రైస్తవుల ఇళ్లలో ఉన్న పద్ధతే. మొదటి ఏడు మాకది చెడింది. పాప లెక్కలు మొదలుపెట్టింది. "నావి పదకొండు, తమ్ముడివి నాలుగే." బూట్లు సర్ది వచ్చి పరక అడిగేది. వారం తర్వాత నాకు మనసు ఒప్పలేదు. ఆ పసివాణ్ణి పడుకోబెట్టే పక్కను మేం గొప్పలతో నింపుతున్నామనిపించింది. ఒక రాత్రి నియమం తిరగేశాం. ఎవరూ తమ పనికి పరక వేయకూడదు, తమకు ఇంకొకరు చేసిన మేలుకే వేయాలి. మర్నాడు చిన్నోడు గడ్డి పట్టుకొచ్చి, బడి దగ్గర రోడ్డు దాటించే ఆవిడ తన చేతితొడుగు వెతికి ఇచ్చిందని చెప్పాడు. ఆవిణ్ణి ఆ రోజు దాకా నేను సరిగా చూసి ఎరగను. అప్పట్నుంచి రాత్రి భోజనం దగ్గర మా ఇంట్లో వినిపించే పేర్లు మారాయి.

ఇంకో లాభం నేను ముందు ఊహించనిది. తొట్టి, సత్రం, పొత్తిగుడ్డలు, గొల్లలు, ఎండుగడ్డి, పాక. లూకన్‌లో పుట్టిన పిల్లలకు ఈ తెలుగు మాటలు మరెక్కడ దొరుకుతాయి? ఇంగ్లిషు పాటలు బడిలో వస్తాయి, వాటి మీద నాకు ప్రేమే. 'వన్స్ ఇన్ రాయల్ డేవిడ్స్ సిటీ' రాసిన సెసిల్ ఫ్రాన్సిస్ అలెగ్జాండర్ డబ్లిన్‌లోనే 1818లో పుట్టింది. చిన్నపిల్లలకు విశ్వాస ప్రమాణం అర్థం కావాలని, వాళ్లకు తెలిసిన మాటల్లో రాసి 1848లో అచ్చు వేయించింది. పిల్లల స్థాయికి దిగి రాయడాన్ని ఆవిడ చిన్నతనంగా అనుకోలేదు. మా ఇంట్లో ఆ పాట తర్వాత ఒక తెలుగు కీర్తన ఉంటుంది, ఒక్క చరణమే.

క్రిస్మస్ తాత గురించి చాలామంది తల్లులు అడుగుతారు. టీవీలో 'టాయ్ షో' అనే క్రిస్మస్ కార్యక్రమం వచ్చే రాత్రి దేశమంతా పిల్లలు పైజామాలేసుకుని టీవీ ముందు కూర్చుంటారు, మా వాళ్లూ కూర్చుంటారు. దాంతో నాకు తగువు లేదు. ఒక్కొక్కరికి ఒక్క బహుమతి, అది కూడా 25 ఉదయం ప్రార్థన అయ్యాక.

జ్ఞానులు మాత్రం మా ఇంట్లో ఆలస్యంగా వస్తారు. గుంటూరులో మా నాటికల్లో గొల్లలూ జ్ఞానులూ ఒకేసారి స్టేజీ ఎక్కేవాళ్లు. ఇక్కడ జనవరి 6 దాకా పండగే. వంటగది మూల నుంచి బయల్దేరిన ముగ్గురు జ్ఞానులను పిల్లలు రోజుకో జానెడు జరుపుతారు, బియ్యం డబ్బా దాటి, మెట్లు దిగి, ఆరో తేదీకి పాక చేరుస్తారు. ఆ రోజు ఐరిష్ వాళ్లకు నొల్లగ్ న మాన్, ఆడవాళ్ల క్రిస్మస్. కార్క్, కెర్రీ వైపు ఇంటిపనంతా మగవాళ్ల మీద పెట్టి ఆడవాళ్లు తీరిగ్గా కూర్చునే రోజు. మా ఆయన చేసే పులిహోర ఆ రోజే తింటాం.

పోయిన ఏడు 24 సాయంత్రం వెలిగించడం చిన్నోడి వంతు. ఇసుక పోసిన గాజుసీసాలో కొవ్వొత్తి నిలబెట్టి, పరదా ముడివేసి, వాడి చెయ్యి నా చేతిలో పెట్టుకుని వెలిగించాం. గుంటూరులో అప్పటికి రాత్రి పదికావస్తోంది. అమ్మ రాత్రి ఆరాధనకు చీర కట్టుకుంటూ ఫోన్‌లో చూసింది. ఈసారి బొమ్మల మాట ఎత్తలేదు. "గాలి తగలకుండా చూడు" అంది.

ఇక్కడ క్రిస్మస్ రోజు సిటీ బస్సులు నడవవు, రైళ్లు నడవవు. కొత్తగా చదువుకోవడానికి వచ్చిన మన పిల్లలు ఆ రోజంతా గదుల్లోనే ఉండిపోతారు. అందుకని ఇద్దరు కుర్రాళ్లను ముందురోజు రాత్రే వచ్చి ఉండిపొమ్మన్నాం. ఒకడిది ఒంగోలు, ఒకడిది ఖమ్మం. ఎనిమిదిన్నరకు తలుపు తట్టారు, వానలో తడిసి. చిన్నోడు పరుగెత్తుకెళ్లి, "కొవ్వొత్తి చూసి వచ్చారా?" అని అడిగాడు. ఖమ్మం అబ్బాయి బూట్లు విప్పుతూ, బస్టాపు నుంచి ఇల్లు తెలియలేదు, కిటికీలో దీపం చూసే వచ్చాం అన్నాడు.

చిన్నోడు వెనక్కి వచ్చి నా చెంగు లాగాడు. "వచ్చేశారుగా అమ్మా, ఇంక ఆర్పేయనా?"

ఎదురింటి కిటికీలో పెద్దావిడ కొవ్వొత్తి ఇంకా వెలుగుతూనే ఉంది. వాణ్ణి ఎత్తుకుని అది చూపించాను.